ఆవిడ నాలుగుసార్లు సరిచూసుకున్నారు

మోసపోయి నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అనే మాట దాదాపు ఒకటే: "తొందరపడ్డానండీ." ఈ కేసులో ఆవిడ అలా అనలేదు. "నేను చూసుకునే చేశాను బాబూ, ఒక్కోటీ చూసుకునే చేశాను" అన్నారు. ముప్పై ఏళ్లు పద్దులు రాసిన మనిషి. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువుకీ ఆర్డర్ నంబరు, తేదీ, కట్టిన సొమ్ము ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటారు. ఆ పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చారు. దాన్నీ, ఆవిడ ఫోన్నీ ఒక పూటంతా చూశాక నాకూ ఒప్పుకోక తప్పలేదు. నిజంగానే నాలుగుసార్లు సరిచూసుకున్నారు. నాలుగుసార్లూ 'సరే' అనే జవాబే వచ్చింది.

నా పని మోసం జరిగిపోయాక మొదలవుతుంది. ఏ నిమిషంలో ఏం జరిగిందో పేర్చి, బ్యాంకుకీ పోలీసులకీ అర్థమయ్యేలా రాసిపెట్టడం. ఈ కేసు ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. దుకాణం పేరూ బ్యాంకు పేరూ చెప్పను. ఏ పేరు పెట్టినా కథ ఇలాగే నడుస్తుంది.

11:42 నుంచి 11:58 దాకా

ఉదయం 11:42కి మెసేజ్ వచ్చింది. చిరునామాలో ఇంటి నంబరు సరిగా లేదు కాబట్టి మీ పార్సిల్ ఆగిపోయింది, 12 గంటల్లో సరిచేయకపోతే వెనక్కి వెళ్లిపోతుంది, కింద లింకు. నాలుగు రోజుల ముందు ఆవిడ అదే దుకాణంలో ప్రింటర్ కొన్నారు. అది ఇంకా రాలేదు.

"నేను కొన్నట్టు వాళ్లకెలా తెలిసింది?" ఇది అందరూ అడిగే ప్రశ్న. వాళ్లకి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఇలాంటి మెసేజ్‌లు కుప్పలుగా, చేతికందిన నంబర్లన్నిటికీ వెళ్తాయి. పెద్ద దుకాణం పేరు పెడితే చాలు, ఏ రోజు చూసినా దాని పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లు అందులో కొందరు ఉండనే ఉంటారు. మిగతావాళ్లు చెరిపేస్తారు. ఎదురుచూస్తున్న మనిషికి మాత్రం అది తనకే రాసినట్టు అనిపిస్తుంది. మెసేజ్‌లో పొడుగాటి ట్రాకింగ్ నంబరు కూడా ఉంది. అది ఆవిడ పుస్తకంలో రాసుకున్న ఆర్డర్ నంబరు కాదు, కొరియర్ ఇచ్చిన నంబరూ కాదు. పద్దుల మనిషికి అంకెలు కనిపిస్తే అదో ధీమా. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని తట్టలేదు. (ఒక్కోసారి దుకాణం నుంచో కొరియర్ నుంచో వివరాలు బయటికి పొక్కి, పేరూ వస్తువూ కూడా సరిగ్గా వేసి పంపుతారు. అందుకని వివరాలు తప్పితే మోసమని అనొచ్చు గానీ, కలిసినంత మాత్రాన నిజమని అనడానికి లేదు.)

ఆవిడ మొదట చేసిన పని మెసేజ్‌ని పైకి జరిపి చూడడం. పైన అదే వరసలో దుకాణం పంపిన పాత మెసేజ్‌లున్నాయి. కిందటి నెల వచ్చిన పార్సిల్ కబురూ అందులోనే ఉంది. 'వాళ్లే' అనుకున్నారు. ఇది మొదటి తనిఖీ.

ఎస్సెమ్మెస్ పంపేవాళ్లు నంబరుకి బదులు 11 అక్షరాల దాకా ఒక పేరు పెట్టుకోవచ్చు. చాలా నెట్‌వర్క్‌లలో ఆ పేరు నీదేనా అని అడిగే నాథుడు లేడు. ఇక ఫోను చేసేది పేరు చూసి గుంపు కట్టడమే. ఒకే పేరుతో వచ్చినవన్నీ ఒకే వరసలో పెడుతుంది, అసలుదీ దొంగదీ కలిపి. సింగపూర్‌లో 2023 జనవరి ఆఖరు నుంచి పంపేవాళ్ల పేర్లకి నమోదు తప్పనిసరి చేశారు. నమోదు కాని పేరుతో వచ్చినదాని మీద 'మోసం కావచ్చు' అన్న ముద్ర పడుతుంది. అలాంటి ఏర్పాటు లేని చోట పాత మెసేజ్‌ల కింద కొత్తది కనిపించడం ఏ రుజువూ కాదు.

లింకు నొక్కారు. దుకాణం రంగులు, దుకాణం బొమ్మ, ఒక్క అక్షరం తప్పులేని భాష. తప్పులుంటే మోసమని గుర్తుపట్టమని ఏళ్ల తరబడి మేమే చెప్పాం. ఒకప్పుడు తెలుగులో వచ్చే దొంగ మెసేజ్ చదివితే నవ్వొచ్చేది, నాలుక తిరగని అనువాదం. ఇప్పుడు యంత్రాలు రాసి పెడుతున్నాయి. ఆ సలహా నేను ఇవ్వడం మానేశాను. తప్పులుంటే అనుమానించండి సరే, లేకపోతే నమ్మేయమన్నట్టు అది జనంలోకి పోయింది.

రెండో తనిఖీ తాళం గుర్తు. చిరునామా పక్కన తాళం ఉంది. ఎవరో ఎప్పుడో చెప్పారట, తాళం ఉంటే భద్రమని. తాళం చెప్పేది ఒక్కటే: మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య దారిలో ఎవరూ చదవలేరని. ఆ సైటు ఎవరిదో అది చెప్పదు. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ తలుపులు తెరిచాక, ఆ తాళం తెప్పించే సర్టిఫికెట్ ఉచితం, నిమిషాల్లో వస్తుంది. దొంగకీ అంతే సులువు. జనం తాళాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబరులో వచ్చిన 117వ వెర్షన్‌లో ఆ బొమ్మ తీసేసింది. ఆవిడ ఫోనులోని బ్రౌజర్‌లో ఇంకా ఉంది.

మూడోది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే అంత దూరం వెళ్లేవాళ్లు తక్కువ. పేజీ అడుక్కి వెళ్లి 'గోప్యతా విధానం' అన్న లింకు నొక్కి చూశారు. అసలు దుకాణం వాళ్ల పేజీయే తెరుచుకుంది! కల్తీ లేదు, అది నిజమైన పేజీ. వెనక్కి వచ్చి పని కొనసాగించారు. దొంగ పేజీ కట్టేవాళ్లు పైన ఫారం మాత్రం తమది పెట్టి, అడుగున ఉండే లింకులన్నీ అసలు సైటుకే కలుపుతారు. కష్టపడి పేజీలన్నీ నకలు తీయనక్కర్లేదు, పైగా ఇలాంటి జాగ్రత్తపరులు కూడా నమ్ముతారు.

చిరునామాలో ఇంటిపేరు

ఆ చిరునామా ఇలా ఉంది. అసలు పేరు బదులు 'దుకాణం' అని రాస్తున్నాను: దుకాణం.కామ్-ట్రాక్.టాప్/చిరునామా. ఎడమ నుంచి చదివితే 'దుకాణం డాట్ కామ్' అని మొదటే కనిపిస్తుంది. ఫోను తెర చిన్నది, మిగతాది చూపు నుంచి జారిపోతుంది.

మనం పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందు పెడతాం. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట్లో 'https:' తర్వాత రెండు ఏటవాలు గీతలు ఉంటే వాటిని వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగాలి. అక్కణ్నుంచి వెనక్కి చదవాలి. 'టాప్', దాని ముందు చుక్క, ఆ చుక్క ముందున్న ముక్క 'కామ్-ట్రాక్'. అదీ ఇంటిపేరు: కామ్-ట్రాక్.టాప్. దానికి ముందున్న 'దుకాణం' అన్నది ఆ ఇంటివాడు తన పిల్లకి పెట్టుకున్న ముద్దుపేరు. ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కామ్ తర్వాత చుక్క బదులు అడ్డగీత పెట్టడంలోనే కిటుకంతా ఉంది. (కొన్ని దేశాల చిరునామాల్లో 'కో.యూకే' లాంటి జంట తోకలుంటాయి. అప్పుడు ఇంకో ముక్క వెనక్కి వెళ్లాలి.)

ఇంత చెప్పి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. చిరునామా చదవడం మీద నాకు పెద్ద ఆశ లేదు. రోజూ ఇదే పని చేసే నేనే ఫోనులో రెండుసార్లు పొరబడ్డాను. ఉపన్యాసాల్లో అందరూ చెప్పే సిరిలిక్ అక్షరాల కథ ఒకటుంది (రష్యన్ రాసే లిపి అది, కొన్ని అక్షరాలు అచ్చం ఇంగ్లీషువాటిలాగే కనిపిస్తాయి). 2017 ఏప్రిల్‌లో షుడాంగ్ జెంగ్ అనే పరిశోధకుడు అన్నీ సిరిలిక్ అక్షరాలే వాడి ఆపిల్ కంపెనీ పేరులా కనిపించే డొమైన్ (నేను ఇంటిపేరన్నది దాన్నే) ఒకటి నమోదు చేసి చూపించాడు. క్రోమ్ 58వ వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. వినడానికి బాగుంటుంది గానీ నా చేతికొచ్చిన కేసుల్లో అంత తెలివి వాడినవాడు కనిపించలేదు. అడ్డగీతతో పని జరుగుతుంటే సిరిలిక్ దాకా ఎందుకు వెళ్తాడు?

ఆ డొమైన్ పుట్టుక తర్వాత నేను చూశాను. ఎప్పుడు నమోదైందో చెప్పే పాత పద్ధతి 'హూయిజ్' స్థానంలోకి, కామ్, టాప్ లాంటి తోకలకి, 2025 జనవరి 28 నుంచి 'ఆర్‌డాప్' అధికారికంగా వచ్చింది, ఎవరైనా చూడొచ్చు. ఇంకో చిట్టా కూడా ఉంది, అది నాకు ఇంకా ఇష్టం. సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతిసారీ బహిరంగ పద్దులో రాయాలనే పద్ధతి 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6962 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చినవి అలా పద్దుకెక్కకపోతే క్రోమ్ ఒప్పుకోదు. ఆవిడ నోటు పుస్తకం లాంటిదే, చెరపడానికి వీల్లేదు. అందులో చూస్తే ఆ సైటు మొట్టమొదటి సర్టిఫికెట్ వయసు మెసేజ్ వచ్చేనాటికి రెండు రోజులు కూడా లేదు. ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్న దుకాణం సైటు మొన్న పుట్టడమేమిటి అన్న ప్రశ్న బ్యాంకుకి రాసిన ఉత్తరంలో బాగా పనికొచ్చింది.

ఆ రెండు కోడ్‌లు

పేజీ ముందు దుకాణం ఖాతా పేరూ పాస్‌వర్డూ అడిగింది. తర్వాత మళ్లీ బట్వాడా చేయడానికి చాలా చిన్న రుసుము, పోతే పోయిందిలే అనుకునేంత. కార్డు వివరాలు ఇచ్చారు. ఓటీపీ వచ్చింది, కొట్టారు. 'కోడ్ సరిపోలేదు, ఇంకొకటి పంపుతున్నాం' అంది పేజీ. రెండోది వచ్చింది, అదీ కొట్టారు. 'ధన్యవాదాలు' అని కనిపించి, పేజీ దానంతట అదే అసలు దుకాణం ముఖద్వారానికి వెళ్లిపోయింది.

రుసుము అసలు వసూలే కాలేదు. అది వాళ్లకి అక్కర్లేదు. ఇలాంటి పేజీ వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. కార్డు నంబరు పడుతుండగానే తన ఫోనులోని వాలెట్‌లోకి, అంటే ఫోను తాకించి సొమ్ము కట్టే యాప్‌లోకి, ఆ కార్డుని ఎక్కించడం మొదలుపెడతాడు. బ్యాంకు ఓటీపీ పంపేది అందుకు. మొదటి కోడ్‌తో ఒక ఫోనులోకి ఎక్కింది, రెండోదానితో ఇంకో ఫోనులోకి. 'సరిపోలేదు' అన్నది అబద్ధం, మొదటిదీ సరిపోయింది. ఆ తర్వాత కార్డు అవసరం లేదు, ఓటీపీ అవసరం లేదు. ఎక్కడో ఒక దుకాణంలో ఫోను అలా తాకిస్తే చాలు. ఆవిడ కార్డు మీద రెండు పెద్ద కొనుగోళ్లు అయిదు రోజుల తర్వాత జరిగాయి. కావాలనే ఆగుతారు, మనిషి మరిచిపోయేదాకా.

బ్యాంకు మెసేజ్ నేను తెరిచి చూశాను. అందులో అక్షరాలా ఉంది: ఈ కోడ్ మీ కార్డును మొబైల్ వాలెట్‌లో చేర్చడానికి, ఎవరికీ చెప్పకండి. ఆవిడ ఆ వాక్యం చదవలేదు. నిర్లక్ష్యం కాదు. మెసేజ్ రాగానే కీబోర్డు పైన ఆరంకెలు వాటంతట అవే మెరిశాయి, వేలితో తాకారు, నిండిపోయాయి. మెసేజ్ తెరవాల్సిన పనే పడలేదు. సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అంకెల్ని చూపించి, అంకెలు దేనికో చెప్పే మాటని దాచింది.

ఇంకొకటి కూడా ఆ రోజు నిజం చెప్పింది. దుకాణం పాస్‌వర్డ్ ఆవిడ ఫోనులో దాచి ఉంది. రోజూ సైటు తెరవగానే దానంతట అదే నిండుతుంది. ఆ రోజు నిండలేదు. 'ఇది కూడా పాడైంది' అనుకుని, పుస్తకంలో చూసి చేత్తో కొట్టారు. పాస్‌వర్డ్ దాచే యాప్‌కి రంగులూ బొమ్మలూ పట్టవు, పూర్తి ఇంటిపేరు కలిస్తేనే తలుపు తీస్తుంది. కామ్-ట్రాక్.టాప్ ఎవరో దానికి తెలియదు, అందుకే నోరు మెదపలేదు. ఆ మౌనమే హెచ్చరిక.

ఈ రెంటినీ గుర్తించాకే కేసు నాకు వేరేగా కనిపించింది. ఆవిడ సరిచూసుకున్నవి ఏమిటి? పంపినవాళ్ల పేరు, తాళం, అడుగు లింకు. మూడూ దొంగ చేతిలో ఉన్నవే. వాడు ఎలా చెప్పమంటే అలా చెప్పాయి. వాడి చేయి సోకనివి బ్యాంకు రాసిన వాక్యం, పాస్‌వర్డ్ యాప్ మౌనం, ఇంకా ఆవిడ ఫోనులోనే ఉన్న అసలు దుకాణం యాప్. ఆ మూడూ ఆ రోజు నిజమే చెప్పాయి, ఆవిడ వాటిని అడగలేదు. దొంగనే పిలిచి ఇల్లు భద్రంగా ఉందా అని అడిగితే ఏం చెబుతాడు?

గోరుచుట్టు మీద రోకలిపోటు

మధ్యాహ్నం 12:20కి ఆవిడ పుస్తకం తెరిచారు, కట్టిన రుసుము రాద్దామని. ఆర్డర్ నంబరు కోసం దుకాణం యాప్ చూశారు. 'బయల్దేరింది, రేపు చేరుతుంది' అని ఉంది. ఆగిపోయిన ఊసే లేదు. అనుమానం వచ్చింది. ఆ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది. అక్కడే ఆగి నేరుగా బ్యాంకుకి ఫోన్ చేసి ఉంటే ఆ రోజు రెండో మోసం జరిగేదే కాదు.

దుకాణానికి ఫోన్ చేసి కనుక్కుందామని యాప్‌లో నంబరు వెతికారు. లేదు. సహాయం, తరచుగా అడిగే ప్రశ్నలు, మీ సమస్య ఎంచుకోండి, ఒక చాట్ యంత్రం, నాలుగు మెట్లు దిగినా మనిషి గొంతు లేదు. ఇక్కడ నా కోపం దుకాణాల మీదే. ఖర్చు తగ్గుతుందని ఫోను నంబరు దాచేస్తారు. జనం బయట వెతుకుతారు. ఆ ఖాళీలోకి ఎవడు వచ్చి కూర్చుంటాడో వాళ్లకి తెలియక కాదు.

సెర్చ్‌లో దుకాణం పేరు, 'కస్టమర్ కేర్ నంబర్' అని కొట్టారు. పైనే ఒక నంబరు, దుకాణం పేరుతోనే. ఇది నాలుగో తనిఖీ. ప్రకటనకి డబ్బు కడితే ఎవరైనా పైన కూర్చోవచ్చు. మ్యాప్‌లో తప్పుడు చిరునామాతో ఆఫీసు పెట్టొచ్చు. ఎవరూ పట్టించుకోని పాత సైట్లలో, ప్రశ్నలు అడిగే పేజీల్లో నంబరు అతికించి వదిలేయొచ్చు.

12:34కి ఫోన్ చేశారు. ఎత్తినవాడు మర్యాదస్థుడు. "మేడమ్, మీరు భయపడకండి, ఆ రుసుము మెసేజ్ మోసమే. రోజూ చాలామంది చెబుతున్నారు. మీ సొమ్ము నేనే తిరిగి వేయిస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ మనసు కుదుటపడింది. ఈ ఇద్దరూ ఒకే ముఠా అని ఆవిడ ఇప్పటికీ అనుకుంటారు, నేను కాదంటాను. రెండోవాడికి మొదటివాడు తీసుకున్న వివరాలేవీ తెలియవు. పేరు దగ్గర్నుంచి అన్నీ కొత్తగా అడిగాడు. వాడు వల వేసి కూర్చున్నాడు, ఈవిడ ఇంకో వలలోంచి తప్పించుకుంటూ వచ్చి పడ్డారు.

స్క్రీన్ పంచుకునే యాప్ ఒకటి పెట్టించాడు. అది దొంగ యాప్ కాదు, కంప్యూటర్ బాగుచేసేవాళ్లు వాడే మామూలుదే. తర్వాత బ్యాంకు యాప్ తెరిపించి, 'రీఫండ్ ఫారం' అంటూ ఒక్కో గడి నింపించాడు. పేరు ఉన్న చోట 'రీఫండ్ విభాగం' అన్నాడు. ఒక గడిలో "మీ రీఫండ్ కోడ్ చెబుతాను, అయిదంకెలు, జాగ్రత్తగా కొట్టండి" అన్నాడు. ఆ గడి సొమ్ము రాసే గడి. కోడ్ అన్నది ఎంత పంపాలో ఆ అంకె. 12:52కి రహస్య సంఖ్య నొక్కారు, సొమ్ము వెళ్లిపోయింది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మన రహస్య సంఖ్య ఎక్కడా అక్కర్లేదన్న సంగతి, జీవితమంతా జమాఖర్చులు రాసిన ఆవిడకి ఆ నిమిషంలో గుర్తురాలేదు. నాకు ఆశ్చర్యం లేదు. అరగంటగా భయంలో ఉన్న మనిషికి చల్లగా మాట్లాడే గొంతు దొరికితే లెక్కలు గుర్తుండవు.

"కోడ్ ఫెయిలైంది, మళ్లీ కొడదాం" అన్నప్పుడు తెలివొచ్చింది. 'సరిపోలేదు, మళ్లీ' అనే మాట ఆ రోజు వినడం రెండోసారి.

తర్వాత చేసినవి

ఆవిడ చేసిన మొదటి పని నేను చెప్పి చేయించినది కాదు, తనే చేశారు. ఫోను పూర్తిగా ఆపేశారు. స్క్రీన్ పంచుకునే యాప్ ఉన్నప్పుడు అంతకన్నా మంచి పని లేదు. పక్కింటివాళ్ల ఫోనులోంచి, కార్డు వెనక అచ్చువేసిన నంబరుకి చేశారు. సమయం 1:04. పంపిన సొమ్ము వెనక్కి పిలవమన్నారు, కార్డు ఆపమన్నారు. అప్పటికే అందుకున్న ఖాతా నుంచి సగానికి కాస్త తక్కువ వేరే చోటికి పోయింది, మిగతాది ఆగింది. పన్నెండు నిమిషాల తేడాకి అంత విలువ ఉంది.

నా దగ్గరికి వచ్చింది ఆరో రోజున, కార్డు మీద రెండు కొనుగోళ్లు కనిపించాక. "కార్డు ఆపేశారు కదా, కొత్త కార్డు కూడా వచ్చింది, మళ్లీ ఎలా పోయింది?" ఇది బ్యాంకు కౌంటర్లలోనే చాలామందికి తెలియని సంగతి. వాలెట్‌లోకి ఎక్కిన కార్డు అక్కడ తన అసలు నంబరుతో ఉండదు, దాని బదులు టోకెన్ అనే వేరే నంబరు ఉంటుంది. కార్డు మారినప్పుడు ఖాతాదారుకి ఇబ్బంది లేకుండా ఆ టోకెన్‌ని కొత్త కార్డుకి కలిపేసే ఏర్పాటు ఉంది. నిజమైన ఖాతాదారుకి అది వరం. ఇక్కడ దొంగ ఫోన్లు రెండూ కొత్త కార్డుకి అతుక్కుని బతికిపోయాయి. అందుకే ఇలాంటప్పుడు 'కార్డు బ్లాక్ చేయండి' అంటే చాలదు. 'ఈ కార్డు ఏయే ఫోన్లలో చేరి ఉందో చెప్పండి, అన్ని టోకెన్లూ తీసేయండి' అని అడగాలి, తీసేసినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.

పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్పించాను. దుకాణం ఖాతాదీ ఈమెయిల్‌దీ ఒకటే పాస్‌వర్డ్, ఊహించిందే. ఈమెయిల్లో వచ్చిన ఉత్తరాలు వేరేవాళ్లకి పోయేలా ఏదైనా నియమం పెట్టారేమో చూశాను, లేదు. దుకాణం ఖాతాలో తెలియని చిరునామా ఒకటి కొత్తగా చేరి ఉంది, తీసేశాం. మెసేజ్‌లేవీ చెరపనివ్వలేదు.

దొంగ సైటు గురించి డొమైన్ అమ్మిన సంస్థకి రాస్తే, 'మాకేమీ కనిపించడం లేదు, పేజీ ఖాళీ' అని జవాబొచ్చింది. నేను కంప్యూటర్‌లో తెరిచినా ఖాళీయే. ఫోనులో తెరిస్తేనే కనిపించేలా కట్టారు, ఫిర్యాదులు చూసేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుంటారని వాళ్లకి తెలుసు. ఫోనులో తెరిచి వీడియో తీసి పంపాక మూసేశారు. ఈలోగా అదే పేజీ ఇంకో తోకతో లేచే ఉంటుంది, దానికి నేను చేయగలిగింది లేదు.

బ్యాంకుతో వాదన ఏడు వారాలు నడిచింది. 'ఓటీపీ మీరే వాడారు, కాబట్టి లావాదేవీలు మీవే' అన్నారు మొదట. మేం అడిగినవి మూడే: టోకెన్లు ఎప్పుడు పుట్టాయి, ఏ రకం ఫోన్లలో, ఆ ఓటీపీ దేనికి పంపారు. ఓటీపీ ఇచ్చింది వాలెట్‌లో చేర్చడానికి, అయిదు రోజుల తర్వాతి కొనుగోళ్లకి కాదు. ఆ ఫోన్లు ఆవిడవి కావు. పైగా కార్డు ఆపమని చెప్పిన తర్వాత జరిగిన కొనుగోళ్లవి. రెండు కొనుగోళ్ల సొమ్మూ తిరిగి వేశారు. తన చేత్తో పంపిన సొమ్ము సంగతి వేరు. అది మనమే పంపినట్టు లెక్క. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా మోసగించి పంపించుకున్న సొమ్మునీ ఒక పరిమితి దాకా బ్యాంకులు తిరిగి ఇవ్వాలనే నియమం వచ్చింది. చాలా చోట్ల ఇంకా అలాంటిది లేదు.

ఈమెయిల్‌లో వచ్చేవాటి గురించి ఒక్క మాట, ఆవిడ అబ్బాయి అడిగాడు కాబట్టి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కుప్పలుగా ఉత్తరాలు పంపేవాళ్లని (గూగుల్ లెక్కలో రోజుకి 5,000 నుంచి) డీమార్క్ అనే తనిఖీ ఏర్పాటు పెట్టుకోమన్నాయి. మంచిదే. అయితే అది చెప్పేది ఉత్తరం ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే. కామ్-ట్రాక్.టాప్ వాడు తన డొమైన్‌కి డీమార్క్ పెట్టుకుని దర్జాగా పరీక్ష పాసవుతాడు. 'మీరు ఖరీదైన ఫోను కొన్నారు, రద్దు చేయాలంటే ఈ నంబరుకి చేయండి' అనే ఉత్తరాల్లో అసలు లింకే ఉండదు. అక్కడ వల ఆ నంబరే.

ఆవిడతో నేను మార్పించినవి ఎక్కువేం లేవు. మెసేజ్‌లో ఏమున్నా దుకాణం యాప్ తెరిచి ఆర్డర్ దగ్గర చూడడం. పాస్‌వర్డ్ దానంతట అది నిండకపోతే చేత్తో కొట్టకపోవడం. ఓటీపీ వస్తే మెసేజ్ తెరిచి వాక్యం చదివాకే అంకెలు కొట్టడం. దుకాణం ఖాతాకి పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోనే దాచుకునే తాళంచెవి) పెట్టించాను, అది దొంగ సైటులో ఇద్దామన్నా పనిచేయదు. బ్యాంకు నంబరు పుస్తకం మొదటి పేజీలో ఆవిడే రాసుకున్నారు.

ప్రింటర్ మర్నాడే వచ్చింది, యాప్‌లో చెప్పిన సమయానికి. అదనంగా ఎవరూ ఏమీ అడగలేదు.

మూడు వారాలయ్యాక ఒక ఫోన్ వచ్చింది. 'సొమ్ము రికవరీ విభాగం' అట. ఎంత పోయిందో సరిగ్గా చెప్పాడు, కొంత ముందుగా కడితే మొత్తం ఇప్పిస్తానన్నాడు. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడుపోతాయి. ఆవిడ పేరు, విభాగం అడిగి రాసుకున్నారు. "మీ ఆఫీసు నంబరు నేనే వెతుక్కుని చేస్తాను" అన్నారు. "వెతకడమెందుకు మేడమ్, ఇదే నంబరుకి చేయండి" అన్నాడట. "మీరిచ్చిన నంబరుకి చేయను" అన్నారు. అవతల పెట్టేశాడు. ఆ సంభాషణ తేదీతో, సమయంతో పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపారు. ఆగిన సొమ్ము మాత్రం ఇంకా దాన్ని అందుకున్న ఖాతా ఉన్న బ్యాంకులోనే ఉంది, వచ్చే నెల మళ్లీ ఉత్తరం రాయాలి.